అరువు కఫం

రోగ నివారణకి మూడు మెట్లు ఉంటాయని నర్సింగ్ బడిలో మాకు చెప్పారు. రోగం రాకముందే అడ్డుకోవడం మొదటిది. వచ్చిన రోగాన్ని తొందరగా పట్టుకుని మందివ్వడం రెండోది. ముదిరిన మనిషి మూలన పడకుండా మళ్ళీ తన పని తాను చేసుకునేలా నిలబెట్టడం మూడోది. మా మేడమ్ చార్టు మీద ఆ మెట్లు గీయించి ఒక్కోదానికి ఒక్కో రంగు కూడా వేయించింది. జనం వరసగా, బుద్ధిగా ఎక్కుతారని ఆవిడ నమ్మకం. ఆవిడ ఎప్పుడూ కాజీపల్లి వైపు డ్యూటీ చేసి ఉండదు.

నేను చేశాను, తొంభైల చివర్లో. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా నోరు విప్పితే చాలు, "మీది ఆంధ్రనా సిస్టరమ్మా?" అనేవాళ్ళు. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఉండే కిరాయి గదుల లైను ఒకటి నా ఏరియాలో ఉండేది. దాని ఓనరు ఆ ఊళ్ళో తాతల నాటి రైతు. వయసులో ఉండగా తాలీంలో కుస్తీ పట్టినవాడు కాబట్టి అందరూ పహిల్వాన్ అనే పిలిచేవాళ్ళు. పొద్దున్నే వాకిట్లో నిలబడి బీడీ కాల్చి, గొంతు చించుకుని కాండ్రించి ఉమ్మేవాడు. పరీక్షకి రమ్మంటే నవ్వేవాడు. "లోపలి గలీజంత దినాం బయటేస్త. ఇగ బీమారి యాడుంటది?" అని ఛాతీ చరుచుకునేవాడు. ఆ ఛాతీ మీదే ఆయన మనవరాలు నిద్రపోయేది.

ఒకసారి లైనులో దగ్గేవాళ్ళు ఎక్కువయ్యారు. క్షయేమో చూడాలని సాయంత్రం డబ్బాలు పంచి, పొద్దున లేవగానే బాగా దగ్గి కఫం అందులో పట్టమని చెప్పాను. మర్నాడు డబ్బాలన్నీ నిండుగా వచ్చాయి. సర్కారు పనికి జనం అంత శ్రద్ధ పెట్టడం నేనెక్కడా చూడలేదు. నా ఆరోగ్య బోధ ఫలించిందని తెగ మురిసిపోయాను.

ల్యాబ్ నుంచి ఫలితాలు వచ్చాయి. అందరికీ క్షయ! మా డాక్టరు గారు ముందు ల్యాబ్ టెక్నీషియన్‌ని తిట్టారు, తర్వాత నన్ను తిట్టారు, ఆ తర్వాత జీపు తీయించారు. మేం వెళ్ళేసరికి రోగుల్లో సగం మంది వాలీబాల్ ఆడుతున్నారు.

నేను గద్దించేసరికి, ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేసే ఒకావిడ తల వంచుకుని చెప్పింది. "రోగమని తేలితే కాంట్రాక్టరు గేటు బయట నిలవెడ్తడు సిస్టరమ్మా. మస్తు బుగులైంది. ఈ లైన్ల పహిల్వానంత గట్టి మనిషి ఎవలున్నరు? గందుకే ఆయనదే అడుక్కొచ్చుకున్నం."

తెల్లవారుజామున డబ్బాలు పట్టుకుని పాలకి నిలబడ్డట్టు ఆయన వాకిట్లో వరసగా నిలబడ్డారట. కిరాయిదార్ల నౌకరీలు పోతే ఎట్లా అని ఆయన ఒక్కరినీ ఉత్త చేతులతో పంపలేదట. చివరి డబ్బాలకి సరిపోకపోతే ఎండుమిరపకాయల పొగ పీల్చి మరీ దగ్గాడట.

డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఇది ఏ మెట్టు కిందికొస్తుందమ్మా?" అని అడిగారు. ఎగతాళి చేశారో, నిజంగానే అడిగారో ఇప్పటికీ తెలియదు. డబ్బా తీసుకున్నవాళ్ళని పరీక్ష చేసి, తీసుకోని మనిషి రోగం పట్టుకున్నాం.

నవ్వులు అక్కడితో సరి. పహిల్వాన్ మందు మింగనన్నాడు. "గంతమంది డబ్బాలల్ల రోగమున్నదని నువ్వే అంటివి. అందరి రోగం తెచ్చి నా ఒక్కని నెత్తిమీద వెడ్తవా?" అని నా మీదికే లేచాడు. కిరాయిదార్లతో నా కళ్ళముందే డబ్బాల్లో ఉమ్మించి మళ్ళీ పరీక్ష చేయించాను. ఒక్కరికీ లేదు, వాళ్ళది ఫ్యాక్టరీల ఘాటు గాలికి వచ్చిన దగ్గు. ఆ మాటా ఆయన నమ్మలేదు. ఆయన కోడలు నమ్మింది. పిల్లకి రోగం అంటకుండా నేనిచ్చిన మాత్రలు తీసుకుని, పిల్లతో ఇంద్రేశంలోని తల్లిగారింటికి పోయింది. "నీకు పూరా బాగైనంకనే వస్త మామా," అని ముఖం మీదే చెప్పింది.

ఇక మారుమాట లేదు. బీడీ మానేశాడు. రోజు తప్పించకుండా నా ముందు మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించి, "ఇగ పిల్లను తోలిస్తరా?" అని అడిగేవాడు. ఎన్నిసార్లు అడిగినా ఇంకా కాదనే చెప్పాల్సి వచ్చేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

మందుల కోర్సు పూర్తయ్యాక మళ్ళీ కఫం అడిగాను. పొద్దున్నే డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి చూపు తిప్పుకున్నాడు.

"ఎవరిది పహిల్వాన్ గారూ?" అన్నాను.

"నాకొస్తలేదు సిస్టరమ్మా. ఎంత దగ్గినా సుక్క వస్తలేదు. డబ్బ ఇయ్యకుంటె నువ్వు బాగైందని రాయవాయె. గందుకే కిరాయిదారునడిగిన."

నవ్వు ఆపుకోలేక చచ్చాను. రాకపోవడమే మంచిదని నచ్చజెప్పి, నా ముందు కష్టపడి ఉమ్మిన ఆ కాస్తనే ల్యాబ్‌కి పంపించాను. ఏమీ లేదని వచ్చింది.

ఆ కాగితం తీసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని ఇంద్రేశం వెళ్ళాను. కోడలు గడప దగ్గరే ఆపేసింది. కాగితం ముట్టుకోలేదు. లైనంతటికీ క్షయ ఉందన్న కాగితాలు కూడా నా చేతుల మీదుగానే వచ్చాయి మరి.

"జెర దగ్గు మామా, ఎట్లొస్తదో ఇంట," అంది.

ఆయన బెరుగ్గా, పొడిగా దగ్గాడు. ఆవిడ తల వంచి విన్నది. "ఇంకోపారి," అంది. మళ్ళీ దగ్గాడు. అప్పుడు లోపలికి తిరిగి పిల్లని కేకేసింది.

పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఆయన చేతులు చాచలేదు, వెనక్కి పెట్టుకున్నాడు. "ముట్టొచ్చునా సిస్టరమ్మా?" అని నన్నడిగాడు.

ఎత్తుకోండి అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన పిల్లని ఎత్తుకున్నాడు గానీ, మొహం అటు తిప్పుకునే ఊపిరి తీసుకుంటున్నాడు.