సంత లేని రోజు

మా అత్తయ్యగారు పోయారు. ఆ మాట నాకు రైల్లో తెలిసింది. పొద్దున్నే నేపర్‌విల్‌లో రైలెక్కి, సీటు దొరికితే కళ్ళు మూసుకుని, షికాగోలో దిగేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం ఇన్నేళ్ళుగా నాకున్న ఒకే ఒక్క విశ్రాంతి. ఆ రోజు ఫోన్ మోగుతుంటే విసుక్కుంటూనే తీశాను. మా ఆయన. "అమ్మ లేవట్లేదు" అన్నారు. తర్వాతి స్టేషన్‌లో దిగి, వెనక్కొచ్చే రైలు కోసం అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కాళ్ళు మాత్రం తెగ పీకాయి.

ఇది చదివేవాళ్ళలో ఆవిడ్ని ఎరిగినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. గుంటూరులో ఒక డాక్టరుగారి భార్య. మామయ్యగారు పోయాక ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు అక్కడ ఉండేవారు. చివరి రెండేళ్ళూ విమానం ఎక్కే ఓపిక లేక ఇక్కడే ఉండిపోయారు. పెద్దగా చెప్పుకోదగ్గ పనులేవీ చేయలేదు. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేడి టీ ఉండేది. అది తాగేదాకా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడిగేవారు కాదు. "ముందు కూర్చో. కబుర్లెక్కడికీ పోవు" అనేవారు. ఉద్యోగం చేసే కోడలికి ఇంతకంటే పెద్ద ఉపకారం ఎవరైనా చేస్తారా అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆవిడ అలవాట్లు కొన్ని మాకు వింతగా ఉండేవి. చీకటి పడుతుంటే ముందు కర్టెన్లు మూసేవారు, ఆ తర్వాతే లైటు వేసేవారు. టీ పెట్టే ముందు ఖాళీ టీపాట్‌లో వేడినీళ్ళు పోసి తిప్పి పారబోసేవారు. పక్కింటి అమెరికన్ ముసలాయన కనిపిస్తే వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి, మూడో ముక్కకి తావివ్వకుండా లోపలికొచ్చేసేవారు. ఇవన్నీ ఇంగ్లండ్‌లో అలవడినవి. పెళ్ళైన కొత్తలో మామయ్యగారు పైచదువు కోసం అక్కడికి వెళ్ళి ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రిలో పనిచేశారట. ఈవిడ రెండేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేశారు. గురువారం సంత తప్ప ఆ ఊళ్ళో వేరే చప్పుడుండదని చెప్పేవారు. రాళ్ళు పరిచిన పెద్ద వీధి, నడుమ గడియారం, దాని చుట్టూ గుడ్డ పందిళ్ళ కింద కూరగాయలు, ఉన్ని, గుడ్లు. అంతకుమించి ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఓ ఏడాది మార్చిలో, గుంటూరు తిరుగు ప్రయాణం గురించి మాట్లాడుకుంటుండగా, దారిలో లండన్‌లో దిగి ఆ ఊరు చూసి వెళ్తానన్నారు. రెండు రాత్రులు చాలన్నారు. నన్ను తోడు రమ్మన్నారు. ఆవిడ్ని అక్కడ హైదరాబాద్ విమానం ఎక్కించి నేను వెనక్కొచ్చేయవచ్చట. అబ్బాయిని మాత్రం రావద్దన్నారు, వాడికి లీవు దొరకదని.

నాకు ఒళ్ళు మండింది. లీవు నాకు మాత్రం చెట్లకి కాస్తుందా? మిగిల్చుకున్న నాలుగు రోజులూ తలుపేసుకుని నిద్రపోవాలని ఎన్నాళ్ళుగానో ఆశపడుతున్నాను. అయినా కాదనలేదు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

అలా మొదలైంది ఆ ప్రయాణం ప్లాన్. భోజనాలయ్యాక నేను లాప్‌టాప్ తెరిచేదాన్ని. ఆవిడ ఎదురుగా కూర్చుని గోంగూర ఆకు గిల్లేవారు. ఎయిర్‌పోర్టు నుంచి ఏ రైలు, ఎక్కడ మారాలి, మారేచోట లిఫ్టుందా, మెట్లేనా, ఆవిడ మోకాళ్ళు ఎంతవరకు సహకరిస్తాయి, ఇవీ మా మాటలు. సగంలో నా కళ్ళు మూతలు పడేవి. "రేపు చూద్దాంలే, పడుకో" అనేవారు. ఒకసారి నేను, అలిసిపోయారా అత్తయ్యా అని అడిగితే, "అలిసిపోయానని చెప్పడానిక్కూడా ఓపిక ఉండాలమ్మాయ్" అని నవ్వారు. ఆ మాట నేను ఆఫీసులో ఎన్నిసార్లు తలుచుకున్నానో.

వీసా కోసం షికాగో తీసుకెళ్తే వేలిముద్రలు పడలేదు. ఇన్నేళ్ళ వంటింటి చాకిరీలో అరిగిపోయాయి కాబోలు. ఆ కౌంటర్‌లో అమ్మాయి ఆవిడ వేళ్ళు తుడిచి, నొక్కి, మళ్ళీ తుడిచి నొక్కుతుంటే, ఆవిడ చెయ్యి ఆ పిల్లకి వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎలాగో అయిందనిపించారు.

అంతా కుదిరాక ఆవిడ రెండు షరతులు పెట్టారు. మొదటిది, గురువారం ఉండకూడదు. సంత లేని రోజు చూడమన్నారు. సంత ఊరికి సంత రోజు కాకుండా ఎవరు వెళ్తారత్తయ్యా అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ ఊళ్ళో మా చివరి రోజు మంగళవారం అయ్యేలా నేను టిక్కెట్లు మార్చాను. రెండోది, బయల్దేరే రోజు మధ్యాహ్నం దాకా గది చేతిలో ఉండాలి. ఆ చిన్న హోటల్‌లో పొద్దున్నే ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఉండాలంటే ఇంకో రోజు తీసుకోవాలి. నేను సణిగాను.

"పొద్దున్న స్నానాలు చేసే కదత్తయ్యా బయటికెళ్తాం. మళ్ళీ మధ్యాహ్నం గదెందుకు?"

"తలస్నానం చెయ్యకుండా రైలెక్కకూడదమ్మా."

సరేనని టైప్ చేయబోయి ఆగాను. మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళొస్తే తల తడుపుకోకుండా ఏదీ ముట్టుకోరో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. తలెత్తి చూశాను. ఆవిడ గోంగూర వంకే చూస్తున్నారు. ఆకంతా అయిపోయి చేతిలో కాడే మిగిలింది.

అప్పుడు చెప్పారు. మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట, ఆ ఊళ్ళోనే. పురుడు వెళ్ళకుండానే పోయింది. పేరు పెట్టనే లేదు. మామయ్యగారు, ఆస్పత్రిలో ఇంకో డాక్టరు కలిసి తీసుకెళ్ళి చర్చి వెనక శ్మశానంలో పూడ్చి వచ్చారు. ఈవిడ పురిటి మంచం మీద ఉన్నారు. వెళ్ళకూడదు కూడా. గోడవారగా, కొంచెం ఏటవాలుగా ఉన్నచోట అని మామయ్యగారు ఒక్కసారి చెప్పారట. ఆ తర్వాత ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. చంటిపిల్లలకి కర్మ లేదు, తద్దినం లేదు. కాబట్టి ఆ మాటెత్తే సందర్భమే ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

సంత సంగతి కూడా అప్పుడే తెలిసింది. సంతలో కూరగాయలమ్మే ఒకావిడకి ఈవిడంటే ఇష్టం. కడుపుతో ఉన్నప్పుడు ప్రతి గురువారం ఒక యాపిల్ పండు ఊరికే చేతిలో పెట్టేదట. బిడ్డ పోయాక చాలా వారాలు ఈవిడ అటు పోలేదు. చివరికి తప్పక వెళ్తే, పాప ఎలా ఉందని ఆవిడ అడిగింది. ఇండియాలో మా అమ్మ దగ్గరికి పంపించామని చెప్పారట ఈవిడ. ఆవిడ సంబరపడి ఇంకో పండు ఇచ్చింది. ఆ తర్వాత ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ప్రతి గురువారం, పాప కూర్చుంటోందా, నడుస్తోందా, పళ్ళొచ్చాయా అని అడగడం, ఈవిడ చెప్పడం.

ఇన్నేళ్ళయింది, ఆవిడ ఇంకా ఉంటుందా అత్తయ్యా అన్నాను.

"ఉండదు. తెలుసు. అయినా గురువారం వద్దు."

అక్కడికి వెళ్ళి ఏం చేస్తారని కూడా అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో. ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు. అదీ ప్లాన్‌లో భాగమేనన్నట్టు కాసేపు ఆలోచించారు.

"చెయ్యడానికేం లేదమ్మాయ్. పేరు పెట్టలేదుగా, పిలవడానిక్కూడా ఏం లేదు. కాసేపు నిలబడి వచ్చేస్తాను."

అబ్బాయికి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి నాకు ఆ ప్రయాణం మీద విసుగు పోయింది. అలసట పోలేదు గానీ విసుగు పోయింది. గది ఇంకో రోజుకి కూడా తీసుకున్నాను. చర్చి దాకా కారొస్తుందా అని ఆ హోటల్ ఆవిడకి ఫోన్ చేసి కనుక్కున్నాను. అత్తయ్యగారు కోటు బయటికి తీసి ఎండలో వేశారు. ఉన్ని మేజోళ్ళు కొనుక్కున్నారు. ఆ పది రోజులూ ఆవిడ నడకలో కొంచెం తొందర కనిపించేది.

ఆ ఏప్రిల్‌లోనే ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలైంది. ఆకాశం నిండా బూడిద అంటూ టీవీలో చూపించారు. లండన్ వెళ్ళే విమానాలన్నీ ఆపేశారు. మా సూట్‌కేసులు తలుపు దగ్గరే ఉన్నాయి. ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి, లైన్‌లో ఉండమని వాళ్ళు వేసే పాట వింటూ స్పీకర్ పెట్టుకుని నేను సోఫాలోనే నిద్రపోయాను. లేచేసరికి మా ఆయన తల్లిని ఊరడిస్తున్నారు. పోనీలే అమ్మా, వేసవిలో నేనే తీసుకెళ్తాను, ఆ మారుమూల ఊళ్ళో ఏముంది, లండన్ అంతా తిప్పి చూపిస్తాను, అంటూ హుషారుగా మాట్లాడుతున్నారు. ఆయన ఉద్దేశం మంచిదే.

ఆవిడ కొడుకు వంక చూశారు. చాలా అలిసిపోయిన మొహం. ఇంక దాచే ఓపిక కూడా లేనట్టు చెప్పేశారు.

"నీకంటే ముందు ఒక పిల్ల పుట్టిందిరా. అక్కడే ఉంది."

మా ఆయన చేతిలో రిమోట్ ఉంది. టీవీ ఆపేశారు. తల్లి సూట్‌కేసు తీసుకుని, చక్రాలుండగా చేత్తో మోసుకుంటూ మేడ మీద ఆవిడ గదిలో పెట్టొచ్చారు. వచ్చి, అన్నం తిందామా అన్నారు. అంతే. ఆ రోజూ ఏమీ అడగలేదు, మర్నాడూ అడగలేదు. నాకు ముందే తెలుసా అని నన్నైనా అడుగుతారని వారాల తరబడి చూశాను. లేదు. ఆ విషయం ఆయన మనసులో ఏ మూల పడిందో, అసలు పడిందో లేదో నాకు అంతుపట్టలేదు. ఒక్కోసారి కోపం వచ్చేది. ఆవిడ మాత్రం కొడుకుని ఏమీ అనలేదు. నెల తర్వాత దుబాయ్ మీదుగా వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చినప్పుడు నేనే ఎత్తాను ఆ మాట. ఈసారి నేను రెడీ అత్తయ్యా, మంగళవారం చూసి బుక్ చేస్తాను అన్నాను. ఆవిడ నా చెయ్యి తట్టారు. "వద్దమ్మాయ్. అన్ని రాత్రులు నీతో కూర్చుని ఆ దారంతా నడిచేశాను. మళ్ళీ అంత దూరం నావల్ల కాదు." అప్పటికి మోకాళ్ళతో పాటు గుండె కూడా మొరాయించడం మొదలుపెట్టింది. నేను బలవంతపెట్టలేదు. సాయంత్రాలు టీ తాగేటప్పుడు అప్పుడప్పుడు ఆ ఊరి కబుర్లే చెప్పుకునేవాళ్ళం. ఆవిడ ఆ పిల్ల మాట ఎత్తితే నేను వినేదాన్ని, ఎత్తకపోతే ఊరుకునేదాన్ని. ఇంత పెద్ద విషయం కడుపున పుట్టినవాడి కంటే ముందు నాకు చెప్పారు. అది నాకు బరువే. అయినా ఎవరైనా తీసుకుంటామంటే ఇవ్వను.

ఆవిడ పోయిన పదకొండో రోజు కర్మ మా గరాజ్‌లోనే చేశాం. కార్లు బయట పెట్టి, పొగ పోవడానికి తలుపు సగం ఎత్తి ఉంచాం. లోపలికి చలి కొట్టింది. పంతులుగారు వారమంతా ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం చేసి ఇలాంటివాటికి సెలవు పెట్టి వచ్చే మనిషి. ఓపిగ్గా చేయించారు. తడి పంచెతో మా ఆయన వణుకుతూ చెప్పినవన్నీ చేశారు. నేను గోడవారన స్టూలు మీద కూర్చుని, ఇది ఎప్పుడైపోతుందా, ఎప్పుడు పడుకుంటానా అని చూస్తున్నాను. నిజం అదే. పది రోజులుగా నిద్ర లేదు.

చివర్లో పంతులుగారు, మీవాళ్ళలో పోయినవాళ్ళు ఇంకెవరికైనా నీళ్ళు వదలాలంటే వరస, పేరు చెప్పండి అన్నారు. మా ఆయన ముందు నాన్నగారిని, తర్వాత తాతగారిని, నానమ్మని, బాబాయిని చెప్పారు. పంతులుగారు ఒక్కొక్కరికీ మా ఆయన అరచేతిలో చెంబుతో నీళ్ళు పోశారు. ఇంకెవరైనా ఉన్నారా అన్నారు.

"అక్క" అన్నారు మా ఆయన.

నేను ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. నలభై దాటిన మనిషి. అక్క అని పిలవడానికి ఆయనకెవరూ లేరు.

"పేరండీ?"

"పెట్టలేదు."

పంతులుగారు చెంబు దించారు. పురిట్లో పోయిన పిల్లలకి ఇది ఉండదండీ అని మెల్లగా చెప్పారు.

"తెలుసండీ" అన్నారు మా ఆయన. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పంతులుగారు కొంచెంసేపు ఆ చేతి వంక చూశారు. తర్వాత మంత్రమేమీ చెప్పకుండా నాలుగు నువ్వులు వేసి నీళ్ళు పోశారు. బొటనవేలి పక్కనుంచి నీళ్ళు సన్నగా కింద ఉన్న అల్యూమినియం ట్రేలోకి జారాయి. అన్నీ జారిపోయాక కూడా ఆయన చెయ్యి అలాగే ఉంది. అరచేతి గీతల్లో రెండు నల్ల నువ్వులు అంటుకుని ఉన్నాయి. ఆయన వాటిని దులపలేదు.