ఫ్లాస్కులో పోసిన పాకం

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు స్టీలు ఫ్లాస్కును సంచిలో పెట్టాను. నా భార్య అది కాఫీ కోసమనుకుంది. ఆమె అభిప్రాయాన్ని నేను సవరించలేదు.

అనకాపల్లి నుంచి కశింకోట అవతల ఉన్న ఆమె అన్నగారి పొలానికి ఇద్దరం బయలుదేరాం. బావ ఆ రోజు ఆఖరిసారి బెల్లం వండుతున్నాడు. మర్నాడు పొయ్యి పగలగొట్టించి, ఆ చేలో సరుగుడు నాటిస్తాడట. తన పెనం నుంచి దిగిన వేడి పాకం నాచేత తినిపించాలని, మా పెళ్లయిన ఏడాది నుంచి పిలుస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ నాకు సహేతుకమైన అడ్డంకి ఒకటి ఉండేది: ఆడిట్, జలుబు, ఒకసారి దస్తూరి బాగాలేదని డైరీ మొత్తం తిరగరాయడం. "వచ్చే ఏడు తప్పకుండా" అనేవాణ్ణి. ఇక ఆ వచ్చే ఏడు లేదు.

తొమ్మిదింబావుకు మొదటి పెనం దిగింది. బావ ఒక చెరకు ముక్కను పాకంలో ముంచి నా ముందుకు చాపాడు.

"తిను బావా. సల్లారిపోతే ఏటుంటాది, కొట్లో దొరికే బెల్లవే."

"ఇప్పుడు కాదు. భోజనమయ్యాక, ఒకటిన్నరకు, స్థిమితంగా తింటాను" అని ఫ్లాస్కు బయటకు తీశాను. నా తర్కం నిర్దుష్టం. ఇందులో టీ ఆరు గంటలు వేడిగా ఉంటుంది. కనుక పాకమూ ఉంటుంది.

బావ చెల్లెలి వైపు తిరిగాడు. "ఇదేటే సెల్లీ?"

"పోసెయ్యన్నయ్యా. ఈయనకి ఏదైనా మూతెట్టి దాసుకుంటేనే నమ్మకం" అంటూ ఆమె నాకోసం ముంచిన ముక్కను అందుకుని నోట్లో పెట్టుకుంది. కాసేపు కళ్లు తెరవలేదు.

బావ పాకం పోసి, ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒకటిన్నరకు ఇంట్లో, కంచాలు తీశాక, గిన్నెలోకి ఫ్లాస్కు వంచాను. ఏమీ రాలేదు. అడుగున తట్టాను. చెంచా దింపాను, అది దిగినంత దిగి అక్కడే స్థిరపడింది. లాగితే ఫ్లాస్కుతో సహా లేచింది.

నా భార్య గడియారం చూసింది. "టైమైపోతంది. స్థిమితంగా తినండి."

"గడ్డకడుతుందని తెలిసీ చెప్పలేదేం?"

"అనకాపల్లిలో పుట్టి పెరిగినోరికి బెల్లం గడ్డకడతాదని నేను సెప్పాలేటండీ?"

అంతలో బావ ఫోను చేశాడు. ఎప్పుడూ వేళాకోళంతో మొదలుపెట్టే మనిషి, ఈసారి సూటిగా అడిగాడు. "ఆఖరి పెనం నాలుగింటికి దిగుతాది. తరవాత మంట ఆర్పేత్తాను. వత్తావా, మానేత్తావా?"

డైరీ తెరిచి నాలుగు గంటల దగ్గర చూశాను. "బీరువా అరలు సర్దుట" అని ఉంది. ఎర్ర సిరాతో కొట్టేశాను.

మేము చేరేసరికి నాలుగు దాటి ఆరు నిమిషాలు. పాకాన్ని అప్పటికే చెక్కతొట్టిలో ఒంపేశారు. బావ మాత్రం పెనం అడుగున గరిటెడు పాకం మిగిల్చి, చెరకు ముక్కలు పట్టుకుని దారివైపే చూస్తున్నాడు. ఒకటి ముంచి ఇచ్చాడు.

"ఊదుకో బావా, కాలుతాది."

"ఊదితే చల్లారిపోతుంది" అని నోట్లో పెట్టేసుకున్నాను.

"ఎలాగుంది?"

రెండో ముక్కకు చెయ్యి చాపాను.

"బాగుంటే ఏడుపేటి బావా?"

"నాలిక కాలింది. నీకేమైంది?"

"పొగ" అన్నాడు బావ, మంట ఆరిపోయిన పొయ్యి పక్కన నిలబడి.

ఆ రోజు లెక్క ఇది. పోయినవి: స్టీలు ఫ్లాస్కు ఒకటి (ప్రస్తుతం పడకగది తలుపు కొట్టుకోకుండా అడ్డుగా ఉంది), అందులో చెంచా ఒకటి, నాలిక చివర రుచి మూడు రోజులు, బావ పొయ్యి. మిగిలినవి: నేను తిన్న ముక్కలు మూడు, నా భార్య తిన్నవి నాలుగు, సర్దని బీరువా అరలు ఐదు.