కెమెరాకు బొట్టు

మూడేళ్ల కిందటి మాట. ఆమదాలవలసలో మా బియ్యం కొట్టుకు ల్యాప్‌టాప్ కొన్నాం. ఏడో తరగతితోనే చదువుకు దణ్ణం పెట్టేసిన నేను దాని ముందు చేసే ఘనకార్యం ఒకటే. బేరాల్లేనప్పుడు మా మావగారిలా పొట్ట ముందుకు పెట్టి, ముక్కుపొడుం పీల్చి, తుమ్మి మా ఆవిణ్ణి నవ్వించడం.

కొన్న ఆరు నెలలకు ఒకరోజు ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది. డిగ్రీ చదివిన మా ఆవిడ చదివి చెప్పింది.

"బావా, ఎవడో దీని కెమెరాలోంచి నెల్లాళ్లుగా నిన్ను వీడియో తీస్తన్నాడట. డబ్బు పంపకపోతే మనోళ్లందరికీ పంపీస్తాడట."

నేను గబుక్కున ల్యాప్‌టాప్ ముందు నుంచి పక్కకు జరిగాను.

"ఒసే, మావ సూస్తే ఇంకేటైనా ఉన్నాదా? జన్మలో గుమ్మం ఎక్కనిస్తాడేటి?"

ఆవిడ పడీపడీ నవ్వి తెర పైభాగం చూపించింది. సరిగ్గా కెమెరా మీద ఎర్రటి బొట్టుబిళ్ల! కొట్టులో అద్దం లేదని, ముఖం కడుక్కునే ముందు బిళ్ల తీసి అక్కడే అంటించేదట.

"కొన్న వారానికే ఒకటి అక్కడ ఉండిపోనాది. ఆడేటి సూసీసినాడు, నా బొట్టా?"

మెయిల్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చాం. బిళ్లను మాత్రం కదపలేదు. కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లు కెమెరాను మూసిపెట్టుకునే జాగ్రత్త మాకు బొట్టు రూపంలో దక్కింది.

ఆదివారం వచ్చిన మావగారు అది చూసి, కూతురి భక్తికి మురిసిపోయి, ముక్కుపొడుం పీల్చి తుమ్మారు. నేను నవ్వాపుకోలేక బియ్యం బస్తాల వెనక్కి పరుగెత్తాను.