మేకలు కాసే ఆమె పేరు

కుప్పంలో మధ్యాహ్నం ఆటకు హాలు సగం ఖాళీగా ఉంది. తెర మీద కథానాయకుడు కోటగోడ కింద నిలబడి, పైన మేకలు తోలుకుపోతున్న ఆమెను పేరు పెట్టి పిలిచాడు. నా పక్క సీటులోని నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమెకు కంటి ఆపరేషనై నెల కాలేదు. నల్లద్దాలు తీసి తెర వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

“ఇది మా నాయన పెట్టిన పేరు,” అంది. “పుస్తకం యాడుండాదప్పా?”

నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. పుస్తకం నా దగ్గర లేదు. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు.

నర్సమ్మ మదనపల్లెలో ఉంటుంది, నర్సు ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైంది. వాళ్ళ నాన్న పుంగనూరు దగ్గర మిషన్ బడిలో పంతులుగా చేశాడు. జీవితంలో ఒకే ఒక నవల రాశాడు. కొండమీది కోటలో నిధి, దాని కోసం కొట్టుకునే మనుషులు, లోపలి దారి తెలిసిన ఒకే ఒక మనిషిగా మేకలు కాసే ఆమె. అచ్చయిన ప్రతుల్లో చెదలు వదిలింది ఒక్కటే.

ఆ పేరు పంతులు ఊరికే పెట్టలేదు. ఆయన తల్లి పుట్టింటివాళ్ళు చౌడేపల్లె వైపు పశువులు కాసుకునే వాళ్ళు. పేరులో మొదటి సగం వాళ్ళు కొలిచే అమ్మవారిది. రెండో సగం బైబిల్లోని ఒక స్త్రీది. ఆ పల్లెల్లో రెండో సగం వినపడదు, మిషన్ కాంపౌండులో మొదటిది వినపడదు. రెండూ కలిపి ఒక మనిషికి పెట్టినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. పేరు ఇక్కడ రాయడం లేదు. పుస్తకం చేతికొచ్చేదాకా ఇంకెక్కడా అచ్చు వేయొద్దని నర్సమ్మ అడిగింది. ఆమె మాట కాదనే స్థితిలో నేను లేను.

మూడేళ్ళ కింద, ఇంకా విలేకరిగా ఉన్నప్పుడు, ఆదివారం పేజీకి ఆ పుస్తకం గురించి రాస్తానని నేనే అడిగి తెచ్చుకున్నాను. ఒక ఆదివారం టమాటా మార్కెట్టు అడ్డం వచ్చింది, ఇంకో ఆదివారం మంత్రిగారి పర్యటన. పుస్తకం నాలుగు నెలలు నా టేబుల్ సొరుగులో పడుకుంది. ఆ రోజుల్లోనే ఒక సినిమావాళ్ళు గుర్రంకొండ కోట చూడడానికి వచ్చారు. వాళ్ళ సహాయ దర్శకుడొకడు మా ఆఫీసుకొచ్చి, ఈ వైపు కథలేమైనా ఉన్నాయా సార్ అని అడిగాడు. పెద్దమనిషి తరహాగా సొరుగు లాగి ఇచ్చేశాను. ఫొటోలు తీసుకుని రేపు తెచ్చిస్తానన్నాడు. సంతకం లేకుండా చేతిలోని కాగితం ముక్క కూడా వదలొద్దని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ణి నేనే.

నర్సమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది. భద్రంగా ఉందన్నాను. తర్వాత ఆమెకు చూపు మందగించి అడగడం మానేసింది. సినిమాలో మన కోట కనిపిస్తుందట, తీసుకుపో అని ఫోను చేసేసరికి ఆ సినిమాను మదనపల్లెలోనూ పుంగనూరులోనూ ఎత్తేశారు. అందుకే రెండు బస్సులు మారి కుప్పం వెళ్ళాం. అందులో ఆ పేరుంటుందని నాకు తెలియదు. తెలిస్తే ఏదో ఒక సాకు చెప్పి ఉండేవాణ్ణి.

అప్పటి నుంచి ఆ పేరు ఎక్కడిదో నాకు చెప్పనివాళ్ళు లేరు. దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో పాత కావ్యంలోంచి తీసుకున్నానన్నాడు. రెండోదాంట్లో వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథ అన్నాడు. మూడోదాంట్లో, చిన్నప్పుడు చదివిన విదేశీ సాహస నవల అన్నాడు. పుంగనూరులో నాతో టీ తాగే లెక్చరరు అది శాసనాల్లో ఉందన్నాడు. ఏ శాసనమని అడిగితే చూడాలన్నాడు. లాయరొకాయన, ఇలాంటి పేర్లు కోటి ఉంటాయి వదిలేయండి అన్నాడు. ఇంకొక్కటి చెప్పమంటే టీ చల్లారిపోతోందన్నాడు.

సహాయ దర్శకుడు పదో ఫోనుకు దొరికాడు. “పేర్లు గాల్లోంచి వస్తాయి సార్,” అన్నాడు. “మీ పుస్తకమా? ఆర్ట్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఉండాలి.” ఆర్ట్ వాళ్ళు గోడౌన్ అన్నారు. గోడౌనతను, సెట్టు విప్పినప్పుడు పాత కాగితాలన్నీ ఒక లారీలో పోయాయన్నాడు. ఏ లారీ అంటే, అది ఆర్ట్ వాళ్ళకే తెలియాలన్నాడు.

నేను పనిచేసిన పత్రికకే వార్త రాసి పంపాను. ఆధారం ఏదని డెస్కు తిప్పి పంపింది. వాళ్ళ తప్పు లేదు, నేనైనా అదే అడిగేవాణ్ణి. చేతిలో కాగితం లేని ప్రతి వార్తకూ ‘అని తెలుస్తోంది’ తగిలించి ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను. ఈ ఒక్కదానికి మాత్రం ఆ మాట రాయడానికి చేయి రాలేదు, ఎందుకంటే ఇది నాకు నిజంగా తెలుసు.

ఇదంతా మదనపల్లె వెళ్ళి నర్సమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా విని, నా ముందు టీ పెట్టింది.

“పేరు వాళ్ళే పెట్టుకోనీ అప్పా,” అంది. “సినిమాలో ఆ పిల్లకి మేకలు తోలేదే రాలేదు, దాన్నీ ఇడ్సిపెడదాం. నాకు పుస్తకం కావాల.”

పుస్తకం లేదు కాబట్టి ఇప్పుడు గుర్తున్నంత వరకు ఆమే రాస్తోంది. కన్ను అలిసిపోతే నేను వెళ్ళి, ఆమె చెబుతుంటే రాసిపెడుతున్నాను. వాళ్ళ నాన్న రాత్రుళ్ళు చదివి వినిపించేవాడు కాబట్టి మాటలు బాగానే వస్తున్నాయి. మొన్న, మేకలు కాసే ఆమె కోట లోపల ఒంటరిగా మిగిలిపోయే చోటికి వచ్చాం. అక్కడ ఆగిపోయింది. ఆ భాగం వచ్చేసరికి రోజూ నిద్రపోయేదాన్నని చెప్పింది. పుస్తకం ఇంట్లోనే ఉండాది కదా అని పెద్దయ్యాక చదవలేదట.

“నాలుగు నెలలు పెట్టుకుంటివే. నువ్వు చెప్పు,” అంది.

నేను పేరు వచ్చే అధ్యాయం దాటి చదవలేదు. మేకలు కాసే ఆమె కోటలోంచి ఏ దారిన బయటికొచ్చిందో, అసలు వచ్చిందో లేదో, మా ఇద్దరికీ తెలియదు.