నడిరోడ్డు మీద నా పెళ్లికి పరీక్ష

నా పెళ్లాన్ని నేనే దేశం దాటించబోయాను. కోపంతో కాదు, తెలివితో. ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ తెలివితో. మణికొండ రోడ్డు మీద, ఊరు ఊరంతా చూస్తుండగా, ఒక పోలీసు అధికారి ఎదుట నా పెళ్లి అబద్ధమని నా నోటితో నేనే దాదాపు రుజువు చేశాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ముందు చెమట పడుతుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆ పైన కొందరికి రెండు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

నాది కడప జిల్లా ప్రొద్దుటూరు. అప్పట్లో హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ని. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ పనిలో నాకు మంచి పేరుంది. సొంత తప్పుల విషయంలో నా చూపు ఎంత చురుకైనదో మీరే చూస్తారు.

కంపెనీ నన్ను ఒక పని మీద మనీలా పంపింది. అక్కడి ఆఫీసులో జీతాల లెక్కలు చూసే మరీసెల్ అనే అమ్మాయి నాకు నచ్చింది. నేను కూడా ఆమెకు నచ్చాను. ఎందుకు నచ్చానో ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. పెళ్లి అక్కడే చేసుకుని, మణికొండలో ఒక ఇంటి పైభాగం కిరాయికి తీసుకున్నాం. కింద ఇంటి ఓనరు సత్తెమ్మ గారు ఒక్కరే ఉండేవారు. ఆమెది మెదక్ జిల్లా.

నేను ఆఫీసుకు పోయాక మరీసెల్‌కి తోడు సత్తెమ్మ గారే. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈమెకు తెలుగు రాదు. ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు ఓడిపోయింది. మరీసెల్ గలగలా తెలుగు మాట్లాడసాగింది. అయితే అది నా తెలుగు కాదు, సత్తెమ్మ గారి తెలుగు. నేను "అట్లనే" అంటే ఆమె "గట్లనే" అనేది. మా అమ్మ ఫోన్ చేసి, "ఏమ్మే, బాగుండావా?" అని అడిగితే, మా ఆవిడ, "మంచిగున్న అత్తమ్మా, మీరు జర పైలం" అనేది. మా అమ్మ నాకు ఫోన్ ఇమ్మని, "ఏమంటాందిరా ఆ పిల్ల?" అని అడిగేది.

భారతీయుణ్ని పెళ్లి చేసుకున్న విదేశీయురాలు కాబట్టి మరీసెల్ వీసా పొడిగించుకోవాలి. దరఖాస్తు పెట్టాం. అది మా వైపు పోలీసు స్టేషన్‌కి విచారణకు వచ్చింది. ఇద్దరూ నిజంగా భార్యాభర్తలేనా, ఒకే ఇంట్లో ఉంటున్నారా అని పోలీసులు చూసి రాయాలి. గడువు దగ్గర పడుతోంది. రాయకపోతే మరీసెల్ దేశం విడిచి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడామెకు ఆరో నెల. ప్రయాణం పనికిరాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇక్కడే నా తెలివి నిద్ర లేచింది. ఆఫీసులో పరీక్షకు ముందు చేసినట్టే ఇంట్లోనూ సన్నాహం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం మరీసెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఎదురుగా నిలబడి పోలీసులా గొంతు మార్చి ప్రశ్నలడిగేవాణ్ని. మా నాన్న పేరు, మా పెద్దనాన్న కొడుకుల పేర్లు, నాకిష్టమైన కూర, నేను చదివిన బడి, ఏదీ వదల్లేదు.

"నువ్వు చదువుకోవా?" అని అడిగింది మరీసెల్ ఒకరోజు.

"నేనెందుకు? నేనీ దేశం వాణ్నే గదా."

ఈ మాటను మీరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మా ఆవిడ పెట్టుకుంది, అది చాలు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బందులు, రాస్తారోకోలు, ర్యాలీలు. ఆ ఉదయం స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"ఎస్సై సార్ ఇయ్యాల స్టేషన్‌ల ఉండడు. మీ రోడ్డు మీదనే వంటావార్పు ఉన్నది గద, ఆడ బందోబస్తుల ఉంటడు. రేపటి సంది వేరే డ్యూటీ. ఇయ్యాల్నే ఒక సాక్షిని తీస్కొని వచ్చి కలవుండ్రి."

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. సాక్షిగా నేననుకున్నది సత్తెమ్మ గారిని. కిందికి పోతే తలుపుకు తాళం. ఆమె తెల్లారే పెద్ద గరిటె తీసుకుని ఆ వంటావార్పుకే వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. అంటే మాకు కావలసిన అధికారి, మాకు కావలసిన సాక్షి, ఇద్దరూ ఒకే రోడ్డు మీద ఉన్నారు. ఇంత అదృష్టం అందరికీ పట్టదు. దాన్ని చెడగొట్టుకునే నేర్పు మాత్రం నాకుంది.

మా ఆఫీసులో నా పక్క సీటాయన, ఎప్పుడూ గొడవల దగ్గరికి వెళ్లనివాడు, నాకు గొడవల గురించి చాలా చెప్పి ఉన్నాడు. "నీ మాట వింటే చాలు, ఎక్కడివాడివో తెలిసిపోతుంది. జాగ్రత్త" అన్నాడు. దాంతో ఇంట్లోంచి బయటపడేటప్పుడే నేను నా యాసను ఇంట్లో వదిలేశాను.

రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి ఉన్నాయి. అవతల పొయ్యిల పొగ, డప్పులు, మైకులో పాటలు. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకతను, పేరు నర్సింగ్ అని తర్వాత తెలిసింది, మాకు ఎదురొచ్చాడు.

"ఏడికి పోతున్నరన్నా?"

"ఈడికేనే," అన్నాను. ఆ మాట ఏ జిల్లాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అతను నా మొహం ఒకసారి చూశాడు. "మీదేవూరు?"

"మెదక్."

"అరె, మాది గుడ మెదకే. మెదక్‌ల ఏడ?"

ఇప్పుడు వెనక్కి తగ్గొచ్చు. నేను తగ్గలేదు. "రైల్వే స్టేషన్ ఎన్క," అన్నాను ధీమాగా.

నర్సింగ్ తల గోక్కున్నాడు. "మెదక్‌కు రైలు ఎప్పుడొచ్చిందన్నా? ఆ రైలు కోసం మేం ఎన్నేండ్ల సంది అడుగుతున్నమో తెల్సా?"

ఇంతలో మరీసెల్ ముందుకొచ్చి, "అన్నా, మా సత్తెమ్మ ఏడున్నదో జర చూపెట్టవా? ఎస్సై సారును గుడ కలవాలె," అంది.

నర్సింగ్ మొహం విప్పారింది. "రా అక్కా, నీడకు కూసుందువు రా. కడుపుతోని ఉన్నవు, ఎండకు ఎందుకొచ్చినవు?" అని ఆమెకు దారి చేశాడు. నేను ఆమె వెంట తెచ్చుకున్న సంచిలాగా వెనకాలే నడిచాను.

ఎస్సై గారు మూసి ఉన్న సిమెంటు దుకాణం అరుగు మీద కుర్చీ వేసుకుని ఉన్నారు. కానిస్టేబుల్ మా ఫైలు ఆయన చేతికిచ్చాడు. మరీసెల్‌కి ఒక కుర్చీ తెప్పించి ఆయన మొదలుపెట్టారు.

"మీ సొంతూరు?"

నేను ప్రొద్దుటూరు అని నోరు తెరవబోతుండగా, మజ్జిగ గ్లాసులు తెచ్చిన నర్సింగ్, "సార్, ఈ అన్నది మెదక్ అంట. రైల్వే స్టేషన్ ఎన్క ఇల్లంట," అన్నాడు.

ఎస్సై గారు ఫైలు చూశారు, నన్ను చూశారు. "ఇండ్ల ప్రొద్దుటూరు అని ఉన్నది."

"ప్రొద్దుటూరే సార్."

"మరి మెదక్?"

"అది... దారిలో చెప్పింది సార్."

"దారిల ఒక ఊరు, ఇంట్ల ఒక ఊరు ఉంటదా? సరే. పెండ్లి ఎప్పుడైంది?"

"నవంబరు సార్," అన్నాను ఠక్కున.

"ఫిబ్రవరి సార్," అంది మరీసెల్ మెల్లగా. "నవంబరుల అయింది ఈయన సాఫ్ట్‌వేర్ విడుదల."

"మీ అత్తగారి పేరేంది?"

ఇది నాకు తెలుసు. ఇంట్లో రోజూ వినే పేరే. "నానాయ్ సార్."

"నానాయ్ అంటే మా భాషల అమ్మ సార్," అంది మరీసెల్. "మా అమ్మ పేరు రోసారియో."

అంతవరకు మా అత్తగారి పేరు నానాయ్ అనే నేను నమ్మి ఉన్నానని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఎస్సై గారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. ఇక మరీసెల్ అందుకుంది. "మా మామ పేరు వెంకటసుబ్బయ్య సార్, బట్టల దుకాణం. ఒక ఆడిబిడ్డ, ఆమెను నంద్యాలకు ఇచ్చిన్రు. ఈయనకు పెరుగు లేకుంటే బువ్వ దిగదు. పిడుగు పడితే మంచం కింద చూస్తడు, ఎందుకో తెల్వదు." నేను నేర్పనివి కూడా చెప్పేస్తోంది.

ఎస్సై గారు కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అమ్మా, వీసా కావాల్సింది నీకా, ఈయనకా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన చేతిలో ఉన్న కలం ఇంకా కాగితం మీద ఆనలేదు. పక్కన మరీసెల్ ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో నా చొక్కా కొస పట్టుకుని ఉంది.

"సాక్షి ఎవరు?"

సత్తెమ్మ గారిని పొయ్యి దగ్గరినుంచి పిలిచారు. చెమట తుడుచుకుంటూ, గరిటె చేత్తోనే వచ్చింది.

"అమ్మా, మీ ఇంట్ల మరీసెల్ అనే ఆమె కిరాయికి ఉంటదా?"

"మరీసెలా?" సత్తెమ్మ గారు ఆలోచించింది. "గసొంటోళ్లు ఎవ్వరు లేరు సార్ మా ఇంట్ల."

నా కాళ్ల కింద రోడ్డు కదిలింది.

"మరి ఈమె ఎవరు?"

"ఈమెనా? మైసమ్మ. నా బిడ్డ."

మరీసెల్ అనే పేరు సత్తెమ్మ గారికి నోరు తిరగక, మేం వచ్చిన మొదటి వారమే మైసమ్మగా మార్చేసింది. వీధి వీధంతా అదే పేరు. ఎస్సై గారు పాస్‌పోర్టు పైకెత్తి పట్టుకుని, "ఇండ్ల మైసమ్మ అని ఎక్కడా లేదమ్మా," అన్నారు.

"కాయిదంల ఏమున్నదో నాకేమెర్క సార్? నేను మనిషిని చూసి చెప్తున్న."

"సరే, వీళ్లిద్దరు నిజంగ మొగుడు పెండ్లాలేనా? అది చెప్పు."

సత్తెమ్మ గారికి కోపం వచ్చింది. "గదేం మాట సార్. దినాం పొద్దుగాల్నే కొట్లాడుకుంటరు. ఆమె ఎండుచేపలు వండితే ఈయన వాసన అని బాల్కనీల కూసుంటడు. జరసేపైనంక ఆయననే లోపలికి పోయి తింటడు. కడుపు పండిందని తెల్సిన దినం చెప్పులు లేకుంట మిఠాయి దుకాణానికి ఉరికిండు. నా చేతిల లడ్డు పెట్టి చిన్న పోరని లెక్క ఏడ్చిండు. పరాయోళ్లు గిట్ల ఉంటరా?"

నేను ఏడ్చిన సంగతి మరీసెల్‌కి కూడా అప్పుడే తెలిసింది. నా చొక్కా వదిలి చెయ్యి పట్టుకుంది.

"ముందు పోయి తినుండ్రి," అన్నారు ఎస్సై గారు. "నేను ఫైలు చూస్త."

సత్తెమ్మ గారు మరీసెల్‌ని తీసుకుపోయి ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టింది. నేను దూరంగా నిలబడ్డాను. ఎవరి కంటా పడకుండా ఇంటికి పోగలిగితే బాగుండుననిపించింది. నర్సింగ్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ప్రొద్దుటూరు అని చెప్తే ఏమన్న అంటమనుకున్నవా?"

"భయమేసింది తమ్ముడూ."

"మా కొట్లాట మా రాష్ట్రం కోసం. నీతోని మాకేం పంచాయితీ ఉన్నది? కడుపుతోని ఉన్న పిల్లను ఎండల నడిపిస్తివి, గదొక్కటే నీ తప్పు. కూసో, తిను."

విస్తరాకులో వేడి అన్నం, టమాటా పప్పు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ తొక్కు. నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని తిన్నాను. పప్పు కారమని నెపం పెట్టి కళ్లు తుడుచుకున్నాను. నన్ను ఎవరూ మళ్లీ ఊరు అడగలేదు. అడిగింది ఒక్కటే, ఇంకొంచెం అన్నం వెయ్యాలా అని.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఎస్సై గారు రాయడం ముగించారు. మంచో చెడో తెలియక ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాను.

"రాసిన. ఇద్దరు భార్యాభర్తలే, కలిసే ఉంటున్నరు అని," అన్నారాయన.

"సార్, నేను అన్నీ తప్పు చెప్పాను గదా..."

"అందుకే రాసిన. దొంగ పెండ్లి చేసుకున్నోళ్లను చూసిన నేను. మొగుడు అన్నీ బట్టీ పట్టుకొని వస్తడు. అత్త పేరు, పెండ్లి తారీకు టకటక అప్పజెప్తడు. గిట్ల ఒక్కటి గుడ తెల్వకుంట ధైర్యంగ వచ్చిండంటే, వాడు అసలు మొగుడే."

గడువులోగా వీసా పొడిగింపు వచ్చింది. మా అమ్మాయి హైదరాబాదులోనే పుట్టింది. పురిటికి నా అత్తగారు, అంటే రోసారియో గారు, మనీలా నుంచి వచ్చారు. నేను ఆమెను పూర్తి పేరుతో ఆహ్వానిస్తే ఆమె ఆశ్చర్యపోయింది. ఆ రోజు అన్నం పెట్టిన చేతులన్నిటికీ, సాక్ష్యం చెప్పిన నోటికి, నన్ను నమ్మిన ఆ అధికారికి నేను రుణపడి ఉన్నాను.

కనుక ఈ సందర్భంగా, ఒంటి మీద పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఊళ్లో ఎవరడిగినా నాది ప్రొద్దుటూరే. నోరు తెరిస్తే వచ్చేది నా యాసే. ఇక నా పెళ్లి గురించి ప్రభుత్వం ఎప్పుడు ఏం తెలుసుకోదలచినా, దయచేసి మా ఆవిణ్ని అడగండి. ఆ విషయంలో నాకు ఏమీ తెలియదు.