చేత్తో తిప్పి చూడని ఫ్యాను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై రెండేళ్ల వయసు, ఆత్మకూరులో భాయ్ కార్ల షెడ్డులో ఆరు నెలల పని, ఫోను నిండా రిపేరు వీడియోలు. ఇంక నాకేం తక్కువ? తెలియనివన్నీ ముప్పై దాటాక ఒక్కొక్కటే వచ్చి పలకరించాయి. భాయ్ మొదటి రోజే ఒక పాఠం చెప్పాడు. తిరగాల్సింది తిరగకపోతే ముందు చేత్తో తిప్పి చూడాలట. ఇదీ ఒక పాఠమేనా అని లోపల నవ్వుకున్నాను (పైకి నవ్వితే స్పానరు గాల్లో వచ్చేది).

ఆ వేసవిలో మా అక్క ఉద్యోగ పరీక్షకు ఆత్మకూరులో సెంటరు పడింది. వయసు లెక్క ప్రకారం అదే ఆమెకు ఆఖరి అవకాశం. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు, ఆ తరువాత కాళ్లు పట్టుకున్నా తీయరు. మా ఉదయగిరి నుంచి పొద్దున్నే బస్సుంది. బుద్ధిగా అదెక్కితే గొడవే లేదు. నేనుండగా అక్క బస్సులో నలగడమేమిటని మామ దగ్గర పాత కారు అడిగి తెచ్చాను. మా నాయన గొర్రెల మనిషి. ఆయనకు నాలుగు కాళ్ల మీదున్న నమ్మకం నాలుగు చక్రాల మీద లేదు. అయినా కూతురి పరీక్ష కదా, తలకు తువ్వాలు చుట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. అవ్వ మాత్రం దిష్టి తాడు కట్టనిదే కారు కదలనివ్వనంది. మా గొర్రెల నల్ల ఉన్నితో తనే పేనిన తాడు అది. నాకు ఒకటే తొందర. కారు ముందున్న జాలీకి రెండు ముళ్లు వేసి, మిగిలిన మూరెడు కొసను కత్తిరించే ఓపిక లేక సందులోంచి లోపలికి తోసేశాను.

దుత్తలూరు దాటాక వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. బానెట్ ఎత్తితే రేడియేటరు కుతకుతమంటోంది, దాన్ని చల్లార్చాల్సిన ఫ్యాను మాత్రం ఉలకదు పలకదు. ఫ్యూజు తీసి చూస్తే కాలిపోయి ఉంది. ఓస్ ఇంతేనా అని అక్కవైపు గర్వంగా చూసి కొత్తది వేశాను. అదీ టప్పున పోయింది. ఎందుకు పోతోందని ఆలోచించాల్సిన చోట నేను కరెంటు కలిపే రిలేల మీద పడ్డాను. హారన్ రిలే పీకి ఫ్యాను రిలే చోట పెట్టాను, ఇంకో ఫ్యూజు తగలేశాను, వైర్లు కదిపాను, వీడియో పెట్టి వెనక్కీ ముందుకీ జరిపాను. ఈలోగా వెనకనుంచి ఆత్మకూరు బస్సు వచ్చింది. అక్క చెయ్యెత్తింది. ఐదే ఐదు నిమిషాలు, బస్సుకంటే ముందు దించుతానని అన్నాను. నన్ను నమ్మి చెయ్యి దించేసింది. ఆ దించిన చెయ్యి తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

చివరికి వీడియోలో చెప్పిన చిట్కా పట్టుకున్నాను. కారులోని హీటరు పూర్తిగా పెడితే ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుందట. నిజంగానే లాగింది. ఎండాకాలంలో అద్దాలు దించుకుని, కాళ్ల దగ్గర పొయ్యి పెట్టుకున్నట్టు ముగ్గురం బయలుదేరాం. అక్క పుస్తకం మీద చెమట టపటపా రాలుతోంది. నాయన తలకు చుట్టిన తువ్వాలు తీసి విసురుకుంటున్నాడు. ఇంతలో రోడ్డు నిండా గొర్రెల మంద. హారన్ కొడదామంటే దాని రిలే ఫ్యానులో ఉంది. నాయన తాపీగా దిగి నాలుక మడిచి ఒక కూత వేశాడు. ఎవరి గొర్రెలో ఏమో, చెప్పినట్టు విని పక్కకు జరిగాయి. ఎక్కి కూర్చుంటూ, "నీ బండికంటే ఇయే నయంరా, చెప్తే ఇంటాయి" అన్నాడు.

ఆత్మకూరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా ముల్లు మళ్లీ పైకెక్కింది. తొమ్మిది దాటింది. ఒక్క ఆటో కూడా రాలేదు. నాయన నీళ్ల కోసం క్యాను పట్టుకుని పక్క తోటలోకి పోయాడు. అక్క పుస్తకం మూసింది.

"ఒరే, దీని తర్వాత నాకింక పరీక్షల్లేవురా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

భాయ్‌కి ఫోను చేసి, ఫ్యూజులు రిలేలు అంటూ గడగడా చదివాను. ఆయన అంతా విని, "చేత్తో తిప్పి చూసినావా?" అన్నాడు.

"చూసినా భాయ్."

"అబద్ధం చెప్తా ఉండావు. ఫోను పెట్టేసి తిప్పు పో."

తాళం తీసేసి చెయ్యి పెట్టాను. ఫ్యాను బిగుసుకుపోయి ఉంది. ఆ బండికి ఫ్యాను రేడియేటరు ముందే, జాలీని ఆనుకునే ఉంటుంది. దాని ఇరుసుకు నల్లగా, గట్టిగా చుట్టుకుని ఉంది మా అవ్వ తాడు, నేను తోసిన కొస. బ్లేడుతో కోసి పీకి, ఎవరూ చూడకుండా జేబులో కుక్కాను. పాటల పెట్టె ఫ్యూజు తీసి ఫ్యానుకు వేశాను. గిర్రున తిరిగింది. నీళ్లతో వచ్చిన నాయన ఏమైందని అడిగితే రిలే పోయిందన్నాను. పనోడివైనావు పోరా అంటూ జీవితంలో మొదటిసారి నా భుజం తట్టాడు. ఆ మెప్పు మింగలేక కక్కలేక బండి తోలాను. మూస్తున్న గేటు సందులోంచి అక్క చున్నీ లాక్కుంటూ లోపలికి దూరిపోయింది.

అక్కకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అనంతసాగరంలో ఉంటోంది. నేను ఉదయగిరిలో సొంత షెడ్డు పెట్టాను. పోయిన ఏడు అక్క కారు కొనుక్కుని నేరుగా నా దగ్గరికే తెచ్చింది. సంచీలోంచి నల్ల తాడు తీసి, ఇదీ అవ్వ పేనిందే, దాచిపెట్టుకున్నానని చేతిలో పెట్టింది.

"కట్టు. ఈసారి కొస కత్తిరించు" అంది.

ఆ రోజు నా జేబులోంచి కోసిన తాడు ముక్క వేలాడుతుంటే చూసిందట.

"మరి చెప్పలేదేందక్కా?"

"చెప్పుంటే నాయన నిన్ను మళ్లా బండి ముట్టుకోనిచ్చేవాడా?"

తాడు కట్టాను. కొస కత్తిరించాను. బానెట్ ఎత్తి ఫ్యాను ఒకసారి చేత్తో తిప్పి చూశాను కూడా. అక్క నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ ఆ తాడు సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నవాణ్ణి, కారు మలుపు తిరిగాక కూడా ఇంకా ఏదైనా కొస వేలాడుతోందేమోనని జేబు తడుముకుంటూ అక్కడే నిలబడ్డాను.