నరసాయమ్మ వదిలిన ముద్ద

మనామాలో గుదైబియా పేట సందుల్లో ఏ తెలుగువాణ్ణి అడిగినా క్యాబేజీ నరసాయమ్మ గది చూపిస్తాడు. ఆ పేరంటే ఆవిడకి ఒళ్లు మంట. రాజోలు దగ్గర పుట్టి, వేసవి వస్తే నాలుగు వీధుల ఆవకాయకి ముక్కలు కొట్టిపెట్టిన చెయ్యి అది. ముక్కముక్కకీ టెంక ఉండాల్సిందే. అలాంటి మనిషికి సముద్రం దాటొచ్చాక పోయి పోయి క్యాబేజీ పేరు తగులుకుంది. ఏం చేస్తాం, ఎవరి నుదుట ఏ కూర రాసుందో!

మొదట నాలుగేళ్లు అరాద్‌లో ఒక అరబ్బుల పెద్దింట్లో పనిచేసింది. పదిహేనుమంది బట్టలు, పదిహేనుమంది కంచాలు. ఆ ఇంట్లో ఆవిడకి పేరే లేదు. ఖద్దామా అనేవారు, అంటే పనిమనిషి. పిలవడానికీ అదే మాట, వీసా మీదా అదే మాట. 1994లో ఆ ఇల్లు వదిలి, మొరివాకి గారి హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది.

మొరివాకి గారు జపాను ముసలాయన. ఓడల్లో వంటచేసి చేసి, ఒకసారి హిద్ రేవులో ఓడ బాగుచేతకి ఆగితే దిగినవాడు, ఇక నీళ్లు చాలనుకుని ఉండిపోయాడు. పొయ్యి ఆయనది, వడ్డన భార్య కిమియెది, బల్లలు చూసుకోవడం కూతురిది. ఎనిమిది బల్లలు, ఓ మూల చాపలు పరిచిన అరుగు, అంతే హోటలు. వండేదీ ఒక్కటే. పంది మాంసం మందంగా కోసి, గుడ్డు సొనలో ముంచి, రొట్టెపొడి అద్ది, నూనెలో వేయించి, వేలెడేసి ముక్కలుగా కోసి పెడతారు. పక్కన అన్నం, ఓ గిన్నెడు చారు, ఇంత ఎత్తున సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ. అన్నం, క్యాబేజీ ఎన్నిసార్లడిగినా మారు వడ్డిస్తారు. మాంసం ఎంత బాగున్నా క్యాబేజీ లావుగా ఉంటే ఆ పూట వంట పాడైనట్టేనని ముసలాయన పట్టుదల. అందుకే ఆ పని ఇంకొకరి చేతికివ్వడు. పొద్దున్నే తనే కత్తి పట్టేవాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. డెబ్బై దాటాక ఆయన మణికట్టు వణకడం మొదలుపెట్టింది. దారాల్లా రావలసిన క్యాబేజీ పుల్లల్లా వచ్చేది. చెబితే ఎక్కడ నొచ్చుకుంటాడోనని కిమియె గారు నోరు కట్టేసుకుంది. ఒకరోజు ఆవిడ వెనక వసారాలోకి వచ్చేసరికి నరసాయమ్మ నేలమీద చతికిలబడి, ఊరినుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీటని కాలితో నొక్కిపట్టి, తన కూరకోసం క్యాబేజీ తరుగుతోంది. కిమియె గారు ఓ పోగు తీసి వెలుతురుకి పట్టి చూసి, అక్కడే కూలబడింది. ఆనాటినుంచీ ఇద్దరిదీ ఒకటే దొంగపని. ముసలాయన తరిగేసి స్నానానికి వెళ్లగానే ఆయనది దాచెయ్యడం, నరసాయమ్మ తరిగింది మంచునీళ్లలో వేసి ఆ స్థానంలో పెట్టడం. మరి ఆయన తరిగింది ఏమయ్యేదంటారా? నరసాయమ్మ గదిలో ఉండే ఐదుగురు ఆడవాళ్లూ రెండేళ్లుగా క్యాబేజీ పప్పు, క్యాబేజీ వేపుడు, క్యాబేజీ పచ్చడి తింటున్నారు. పేరు ఊరికే రాలేదు.

ఆ పనంటే నరసాయమ్మకి ప్రాణం. జీతం సంగతి అలా ఉంచండి. అక్కడ ఆవిడని ముసలాయన దగ్గర్నుంచి అందరూ నరసాయమ్మ సాన్ అంటారు. సాన్ అంటే గారు అని అర్థమట. పుట్టి బుద్ధెరిగాక ఆవిడని గారు అన్న మనిషి లేడు. ఆ ఒక్క మాటకోసం ఇంకో పదేళ్లు క్యాబేజీ తరగమన్నా తరుగుతుంది.

ఇలా సాగుతుండగా ఒక గురువారం పొద్దున గౌస్ వచ్చి నెత్తిన పిడుగు వేశాడు. గౌస్ కరీంనగర్ వైపువాడు, వ్యాను డ్రైవరు. మనామా మార్కెట్‌నుంచి కూరలు తెచ్చి వెనక గుమ్మం దగ్గర దించుతాడు. లోపల వండేది తనకి కూడనిది కనక గడప దాటడు. గడప అవతల నిలబడే అందరి క్షేమమూ కనుక్కుంటాడు.

"అక్కా, నిన్న ముసలాయన్ను కఫీల్ దగ్గరికి తీస్కపోయిన," అన్నాడు బస్తా దించుతూ. "నీ పాస్‌పోర్టు ఆయన చేతిలనే ఉండె. వీసా ముచ్చట మాట్లాడిన్రు. నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

కఫీల్ అంటే నరసాయమ్మకి వీసా ఇచ్చిన అరబ్బు ఆసామి. వీసా ఆ నెలాఖరుతో అయిపోతుంది. దొంగపని బయటపడింది, సందేహం లేదు. పెద్దమనిషి పరువుని కత్తిపీట మీద పెట్టి రెండేళ్లు తరిగితే ఊరుకుంటాడా? అయితే విమానం ఎక్కిస్తారు, లేదంటే మళ్లీ ఏ పెద్దింట్లోనో ఖద్దామా. ఆ రాత్రి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. కిమియె గారిని అడుగుదామంటే భయం.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం గిరాకీ సద్దుమణిగాక మొరివాకి గారు తలగుడ్డ విప్పి, శుభ్రమైన చొక్కా తొడుక్కుని, నరసాయమ్మ ఎదుటికొచ్చి నడుం వంచి దణ్ణం పెట్టాడు. చాపల అరుగు చూపించాడు. ఈ పూట మీరు మా అతిథి అంటున్నారని కిమియె గారు తనకొచ్చిన హిందీలో చెప్పింది. నరసాయమ్మకి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. మన వైపు మాత్రం? మానిపించే పాలేరుకి చివరిపూట నెయ్యి వేసి మరీ పెడతారు.

అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. రెండేళ్లలో ఆ గోడకి ఇవతలవైపు కూచోవడం ఇదే మొదలు. ముందుగా కిమియె గారు లోపల గరుకు గీతలున్న చిన్న మట్టిగిన్నె, అందులో నువ్వులు, ఓ కర్ర బండ తెచ్చి పెట్టింది. నువ్వులు తినేవాళ్లే నూరుకుని, పైన పులుసు పోసుకుని, మాంసం ముక్క అద్దుకోవాలి. అక్కడ అది మర్యాద. మన వైపు చుట్టాన్ని పిలిచి రోటి ముందు కూచోబెడితే జన్మలో మళ్లీ గడప తొక్కరు. నరసాయమ్మ నూరింది. కోపంతో నూరిందేమో, నువ్వులు నూనె కక్కాయి.

పళ్లెం వచ్చింది. పందంటే ఆవిడకి ఊళ్లో మురిక్కాలవ గుర్తొస్తుంది. రెండేళ్లు వాసన పీల్చింది గాని నోట పెట్టి ఎరగదు. ఇవాళ వద్దంటే పెట్టిన చేతిని అవమానించినట్టు. కళ్లు మూసుకుని ఒక ముక్క కొరికింది. పైన కరకర, లోపల వెన్న. బాగుంది. అంత బాగుండడం ఆవిడకి మరీ ఒళ్లు మండించింది. పని ఊడే రోజునే తెలియాలా ఈ రుచి?

తినడానికిచ్చిన పుల్లలు పక్కనపెట్టి చేత్తోనే తింది. గిన్నెడు అన్నంలో చివర ఒక ముద్ద వదిలి చెయ్యి తీసేసింది. పరాయింట్లో కంచం ఊడ్చుకోకూడదు, ముద్ద వదిలితేనే తృప్తిగా తిన్నట్టు అని వాళ్లమ్మ చెప్పి పెంచింది. కిమియె గారు అది చూసి పరుగున వచ్చి గిన్నె నింపింది. సరే, మర్యాదకి పెట్టిందనుకుని అదీ తిని, మళ్లీ ఒక ముద్ద వదిలింది. మళ్లీ గిన్నె నిండింది. ఎదురుగా ముసలాయన మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, పెదవి విప్పకుండా కూచున్నాడు. అతిథి భోజనం ముగిసేదాకా పనిమాట ఎత్తకూడదని ఆయన నియమం. ఈవిడ భోజనమా, ముగిసేలా లేదు. ఆయన చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు అంచు కనబడుతోంది. ఆవిడకి ముద్ద దిగడం లేదు. అయినా మూడో గిన్నె తింది, ముద్ద వదిలింది. నాలుగోది వచ్చింది.

అప్పుడిక ఓర్పు చచ్చిపోయింది నరసాయమ్మకి. "అమ్మగారూ, పంపేత్తే పంపెయ్యండి గానీ, ఇలా అన్నం పెట్టి సంపకండి," అంది, కళ్లనీళ్లతో.

తెలుగు అర్థం కాకపోయినా కన్నీళ్లు అర్థమయ్యాయి. కిమియె గారు కంగారుపడి, గిన్నె వైపు చూపించి, చివర్న ఓ ముద్ద ఉంచితే ఇంకా కావాలని అర్థమనీ, చాలంటే పూర్తిగా తినెయ్యాలనీ చెప్పింది. హారి భగవంతుడా అనుకుంది నరసాయమ్మ. నాలుగో గిన్నె మెతుకు మిగలకుండా తినేసి, ఠక్కున కింద పెట్టింది.

ముసలాయన నిటారుగా సర్దుకున్నాడు. పళ్లెంలోంచి ఒక క్యాబేజీ పోగు తీసి అరచేతిలో పెట్టుకుని మాట్లాడాడు. హిందీలో సగం చెప్పేసరికే కిమియె గారి ముఖం కందగడ్డయింది. అయినా చెప్పక తప్పలేదు. నా కత్తి తిన్నగా దిగుతుంది, పోగు తిన్నగా వస్తుంది. ఈమె కత్తి వంకర, పోగు వంపు తిరుగుతుంది. మొదటివారమే కనిపెట్టాను. కానీ నా భార్య ఇంత శ్రద్ధగా అబద్ధమాడుతుంటే పాడుచెయ్యబుద్ధి కాలేదు అన్నాడట. ఈసారి తనే, వచ్చీరాని హిందీలో, నరసాయమ్మతో నేరుగా అన్నాడు.

"నా చెయ్యి అయిపోయింది. రేపటినుంచి ఈ అరుగుమీద, అందరూ చూస్తుండగా, మీ కత్తితో మీరు తరగాలి."

పాస్‌పోర్టు తీసి రెండు చేతులతో అందించాడు. రెండేళ్లకి కొత్త వీసా. కూతురు వంగి చూసి పైకి చదివింది. ఖద్దామా అని ఉండే చోట కుక్ అని ఉంది.

నరసాయమ్మ భోరుమంది. ఆ ఏడుపు విని వెనక గుమ్మం దగ్గర బస్తా దించుతున్న గౌస్ హడలిపోయి, ఏమైందక్కా అని అక్కణ్ణుంచే కేకేశాడు.

"వంటమనిషినంట్రా గౌసూ!" అంది ముక్కు తుడుచుకుంటూ. "కాయితం మీదే రాసేరంట!"

ఏడుపు తగ్గింది. బెంగ దిగిపోయింది. దిగిపోగానే, అప్పుడు వేసింది ఆకలి. నిన్నటినుంచీ వెయ్యని ఆకలంతా ఒక్కసారి వేసింది. బెంగతో తిన్న నాలుగు గిన్నెలూ ఏ మూలకి పోయాయో తెలియదు. పళ్లెంలో ఇంకా నాలుగు ముక్కలున్నాయి, కరకరలాడుతూ. గిన్నె చూస్తే కడిగినట్టుంది. కావాలని నోటితో అడగడానికి సిగ్గు.

నరసాయమ్మ అటూ ఇటూ చూసింది. మణికట్టు దగ్గర, గాజుకి అతుక్కుని ఒక్క మెతుకు కనబడింది. దాన్ని మెల్లగా తీసి గిన్నె మధ్యలో పెట్టి, గిన్నెని కిమియె గారి వైపు జరిపింది.